మడకకు పుట్టిన ఊరు

మా మడకను ప్రభుత్వం వారు అదుపులోకి తీసుకున్నది ఒక మంగళవారం, పొద్దున పదిన్నరకు. ఆ సమయానికి అది వసారాలో గోడకు ఆనుకుని ఉంది. ఎవరికీ ఏ హానీ చేయడం లేదు.

మడక అంటే మా వైపు నాగలి. కర్ణాటక సరిహద్దుకు రెండు మైళ్ళ ఇవతల, రాళ్ళు ఎక్కువా వాన తక్కువా అయిన పల్లె మాది. ఊరందరికీ ట్రాక్టర్లు వచ్చాయి కానీ నా పొలంలోకి ట్రాక్టరు రాదు. పేరుకు ఎకరా. రాతి గుండ్లు పోగా ముప్పాతిక. ఆ గుండ్ల మధ్య ట్రాక్టరు దిగిందంటే మళ్ళీ బయటికి తియ్యడానికి ఇంకో ట్రాక్టరు కావాలి. అందుకని పక్కింటి తుక్కోజి అన్న ఎద్దులు, నా మడక. ఆయన నా పొలం దున్నుతాడు, నేనూ నా కోడలు శివగంగా ఆయన చేలో కలుపు తీస్తాం. దీన్ని మేము ముయ్యి అంటాం. పదకొండేళ్ళుగా, అంటే నా పెనిమిటి పోయినప్పటి నుంచి, ఇలాగే జరుగుతోంది.

మడక చేసిన నేరం ఏమిటో చెప్పాలంటే రాజధాని సంగతి చెప్పాలి. ఆ ఏడు రాజధానిలో మాటల పుట్టుపూర్వోత్తరాల మీద గొప్ప ప్రేమ పుట్టింది. ఏ సభకు వెళ్ళినా, ఫలానా మాట ఎక్కడ పుట్టింది, ఎవరింట పెరిగింది, ఎవరు ఎత్తుకుపోయారు అనే ప్రసంగాలే. పెళ్ళిళ్ళలో కూడా వధూవరుల సంగతి వదిలి తలంబ్రాలు అనే మాట సంగతి మాట్లాడుకునేవారట. ప్రేమ ముదిరి పదమూలాల మండలి ఏర్పడింది. మండలి ఏర్పడినాక దానికి పని కావాలి కదా. ముందుగా వ్యవసాయం మాటలు చేపట్టారు. రైతులైతే కోర్టుకు పోరు.

మండలి వారి మొదటి ఉత్తర్వు ఇది. ప్రతి పనిముట్టు పేరుకూ పద జన్మ పత్రం ఉండాలి. పేరు ఏ భాషలో పుట్టిందో తేలని పనిముట్టును, తేలేదాకా వాడకూడదు. "సొంతదారు తేలని మాటతో పిలిచే వస్తువును వాడుట దొంగసొత్తును వాడుటతో సమానము" అని పీఠికలో రాశారు.

ట్రాక్టరుకు ఒక్క రోజులో పత్రం వచ్చింది. దాని మూలం లాటిన్ అనీ, ఆ భాష ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు కనుక అభ్యంతరం చెప్పేవారు ఉండరనీ తేల్చారు. కొడవలికీ గంపకూ వారం పట్టింది. నాగలి దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

మండల పద నిర్ధారణ అధికారి తిప్పేస్వామి అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మనిషి మంచివాడే, ఉద్యోగం అలాంటిది. నాగలి ఉందా అని అడిగాడు. లేదు సార్, మడక ఉంది అన్నాను. ఆయన మడకను చుట్టూ తిరిగి చూసి, కాగితం మీద "నాగలి అలియాస్ మడక" అని రాసుకున్నాడు.

"పేరు మార్చుకుని తిరుగుతోందన్నమాట" అన్నాడు. నవ్వలేదు.

తర్వాత వాంగ్మూలాలు. నా కోడలిది పావగడ వైపు. దీన్ని మీ పుట్టింట్లో ఏమంటారమ్మా అంటే నేగిలు అంది. తుక్కోజి అన్న వాళ్ళ పెద్దలు ఎప్పుడో దండుతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మరాఠీలు. ఆయన నాంగర్ అన్నాడు. బడి గోడ కడుతున్న తమిళ మేస్త్రి, ఇప్పుడు మేము కలప్పై అంటామండీ, మా తాత మాత్రం నాంజిల్ అనేవాడు అన్నాడు. ఊరి బయట సోలారు పలకలు బిగించే పనికి జార్ఖండ్ నుంచి వచ్చిన లఖన్ అనే సంతాలీ మనిషి నీళ్ళ కోసం మా గుమ్మం ముందు ఆగితే, అతన్నీ అడిగారు. అతను మడకను చూసి, చుట్టాన్ని చూసినట్టు నవ్వి, నాహెల్ అన్నాడు.

తిప్పేస్వామి కలం మూసేశాడు. ఒక్క మడకకు ఇంతమంది హక్కుదారులు తేలిన ఇల్లు మండలంలో ఇదే మొదటిదట. చేత్తో పట్టే మేడికి లక్క ముద్ర వేశారు. కొయ్యకు గోనెపట్టా చుట్టారు. పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయి బీరువా పక్కన నిలబెట్టి, మెడలో చీటీ కట్టారు. "జన్మస్థలం: విచారణలో ఉన్నది."

"వాన పడితే ఎట్లా సార్?" అని అడిగాను.

"వాన మా శాఖ పరిధిలోకి రాదు కెంచమ్మ గారూ" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వాన పడింది. ఏడాదంతా ఎదురుచూసిన వాన. మాది ఎర్రనేల. మంచి వాన పడితే పదును, అంటే దున్నేందుకు తగిన తడి, నాలుగు రోజులుంటుంది, ఎండ కాస్తే మూడు. ఆ పదునులో విత్తనం పడిందా, శనక్కాయ పంట. తప్పిందా, ఆ ఏడు గుండ్లే పంట. కొట్టి సిద్ధం చేసిన విత్తనాలు రెండు గంపల నిండా ఇంట్లో ఉన్నాయి. ఎద్దులు పక్కింట్లో ఉన్నాయి. మడక జైల్లో ఉంది.

సోమవారం పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకు పోయాను. తిప్పేస్వామి ఉన్నాడు. విచారణ జోరుగా సాగుతోందని చెప్పాడు. సంబంధిత రాష్ట్రాలన్నిటికీ లేఖలు రాశారట, జవాబులు కూడా వచ్చాయట. ఒకరు, ఆ మాట మాదే, ఇన్నేళ్ళూ దున్నిన సాళ్ళతో సహా తిరిగి ఇవ్వండి అని రాశారు. ఇంకొకరు, మాదే కానీ మేము వాడడం మానేశాం, మీరే ఉంచుకోండి అన్నారు. మూడో వారు, ఈ లేఖకు మా పశుసంవర్ధక శాఖ జవాబివ్వాలా, సాంస్కృతిక శాఖ జవాబివ్వాలా తేల్చుకోవడానికి ఒక సంఘం వేశాం అన్నారు. నాలుగో వారు మూడు ప్రతుల్లో నింపవలసిన దరఖాస్తు పంపారు.

"ఎప్పటికి తేలుతుంది సార్?"

"చాలా వేగంగా. రెండేళ్ళు."

ఆ నిబంధనలేవో ఒకసారి చూపించండి సార్ అన్నాను. అరవై నాలుగు పేజీల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను చదువుతాననుకోలేదు, నిజానికి అది ఎవరైనా చదువుతారనే అనుకోలేదు. నేను అక్షరాలు నేర్చింది యాభై రెండో ఏట. చిన్నప్పుడు నేర్చినవాళ్ళు కాగితాన్ని పైపైన చూసి వదిలేస్తారు. నాకు అట్లా చూడడం రాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోవలసిందే. ఆఫీసు మెట్ల మీద కూర్చుని పొద్దు వాలేదాకా అదే పని చేశాను.

నలభై ఒకటో నిబంధన దగ్గర వేలు ఆగింది. "పత్రముల ద్వారా పదమూలము తేలని పక్షమున, ఆ పనిముట్టును సహజ పరిస్థితులలో, సహజ వినియోగదారుల సమక్షమున, హక్కు కోరు భాషలన్నిటను పేరు పెట్టి పిలిచి పరీక్షింపవలెను." వినియోగదారు అంటే ఎవరా అని మళ్ళీ మొదటికి పోతే, రెండో నిబంధనలో ఉంది. "వినియోగదారు అనగా పనిముట్టును లాగునది, మోయునది, లేక తోయునది."

లాగేవి ఎద్దులు.

తిప్పేస్వామికి చూపించాను. ఆయన ఆ పేజీని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వెంటనే రాజధానికి ఫోను చేశాడు. మండలి అధ్యక్షులు డాక్టర్ అనంతశయనం గారికి శనివారం ఏదో పెద్ద సదస్సు ఉంది, చదవడానికి పత్రం మాత్రం లేదు. ఎద్దుల సాక్ష్యం అన్న మాట వినగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చిందట. బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా మూడు కార్లు మా పొలం గట్టున ఆగాయి.

బుధవారం అంటే పదును పోయే రోజు. కాలితో మట్టి పెళ్ళ నొక్కి చూశాను. ఇంకా కాస్త అంటుకుంటోంది.

అనంతశయనం గారు భుజం మీద శాలువా, కాళ్ళకు నున్నని బూట్లు, నెత్తిన ఒకరు పట్టిన గొడుగుతో దిగారు. గట్టు మీద నిలబడి ముందు ప్రసంగించారు. పదం అనేది ఒక జీవి, అన్నారు. దానికి తల్లి ఉంటుంది, తొట్టి ఉంటుంది. ఆ తొట్టి ఏ ఇంటి దూలానికి వేలాడిందో మూగజీవాలే చెప్పగలవు, ఎందుకంటే వాటికి ప్రాంతీయాభిమానం ఉండదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎద్దులు తోకలు ఆడించాయి.

లక్క ముద్ర విప్పి మడకను కాడికి కట్టారు. సహజ పరిస్థితులంటే ఏమిటి తల్లీ అని ఆయన నన్ను అడిగారు.

నేల తడిగా ఉండాలి సార్ అన్నాను. ఉంది అన్నారు. మా వైపు వట్టి సాలు తోలరు సార్, మడక వెనకాలే సాల్లో గింజ పడుతూ ఉండాలి, లేకపోతే ఎద్దులకు అది దున్నకమని తెలియదు, నీళ్ళకు పోతున్నామనుకుంటాయి అన్నాను. అనంతశయనం గారు ఆనందంగా తల ఊపి, విత్తనం పడుట సహజ పరిస్థితి యొక్క అంతర్భాగము అని రాయించారు.

"మరి ఒక్కో భాషకు ఎన్ని సాళ్ళు?" అని తిప్పేస్వామి అడిగాడు.

"సమానంగా. ఒక్క సాలు తేడా వచ్చినా శనివారం సదస్సులో నన్ను నిలబెట్టి అడుగుతారు" అన్నారు అధ్యక్షులు. "ఈ క్షేత్రంలో మొత్తం ఎన్ని పడతాయి తల్లీ?"

నూట యాభై సార్ అన్నాను. ఐదు భాషలకు ముప్పై ముప్పై అని లెక్క వేశారు. అంతలో ఆయనే, సంస్కృతాన్ని వదిలేస్తే ఎలా, లాంగలం అని సాక్షాత్తూ పురాణాల్లో ఉంది కదా అన్నారు. సంస్కృతం పలకడానికి ఊళ్ళో ఎవరూ లేరు. ఆ బాధ్యత నేనే వహిస్తాను అన్నారు. ఆరు భాషలు, ఇరవై అయిదు సాళ్ళు చొప్పున. నూట యాభై సరిపోయాయి. నా పొలంలో ఒక్క మూల కూడా మిగల్లేదు.

తెలుగుకు తిప్పేస్వామి, కన్నడానికి శివగంగ, మరాఠీకి మేడి పట్టుకున్న తుక్కోజి అన్న, తమిళానికి మేస్త్రి, సంతాలీకి లఖన్. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు సాలు మొదట్లో నిలబడి ఎద్దుల చెవిన పడేట్టు మడక పేరు పలకాలి. ఎద్దులు కదిలితే ఒక గీత, కదలకపోతే సున్న.

అప్పుడొచ్చింది చిక్కు. మా ఊళ్ళో తొలి గింజ ముత్తైదువ చేత్తోనే పడాలి. పదకొండేళ్ళుగా నా పొలంలో ఆ గింజ వేసేది శివగంగ. ఆ పూట నేను గుండు అవతల నిలబడి ఉండి, పది సాళ్ళు పోయినాక వచ్చి చేరతాను. ఎవరూ పొమ్మని అనరు. నేనే పోతాను, అలవాటు. ఇప్పుడూ శివగంగ గంప అందుకోబోతే అధ్యక్షులు ఆపారు. హక్కు కోరు భాష ప్రతినిధి వేరే పని చేయరాదు, పక్షపాతం వస్తుంది అన్నారు.

తుక్కోజి అన్న భార్య గట్టు మీద నుంచి, ఐతే నేనొచ్చి వేస్తా అంది. మీరు మరాఠీ పక్షం, వీల్లేదు అన్నారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళలో ఇంటికొక భాష తేలింది. ఎవరూ పనికిరాలేదు.

"వస్తువు యజమానురాలు ఎవరు?" అన్నారు అధ్యక్షులు.

"నేనే సార్."

"యజమాని ఏ పక్షమూ కాదు. మీరే వెయ్యండి."

గట్టు మీద ఎవరో, ఆమె తొలి గింజ వెయ్యకూడదు సార్, అని సణిగారు. ఎందుకు వెయ్యకూడదు, ఏ నిబంధన కింద, అని అనంతశయనం గారు అరవై నాలుగు పేజీల పుస్తకం తెరిచి అడిగారు. ఎవరూ చూపించలేకపోయారు. తిప్పేస్వామి పంచనామాలో రాశాడు. "తొలి విత్తనము: యజమానురాలు కెంచమ్మ." రాసినాక చదవమని నాకిచ్చాడు. అది చిన్న వాక్యం. రెండుసార్లు చదివాను.

కొంగు బిగించి, గంప చంకన పెట్టుకుని, మడక వెనక నిలబడ్డాను. శివగంగ నావైపు చూసి కళ్ళతోనే కానియ్యి అత్తా అంది.

"నాగలి" అన్నాడు తిప్పేస్వామి గట్టిగా. ఎద్దులు కదిలాయి. గీత పడింది. గింజ పడింది.

"నేగిలు" అంది నా కోడలు. కదిలాయి. "నాంజిల్" అన్నాడు మేస్త్రి, ఆయన వంతులో. కదిలాయి. నాంగర్ అనే ముందే కదిలాయి, ఎందుకంటే తుక్కోజి అన్న తోక మెలిపెట్టే చెయ్యీ పేరు పలికే నోరూ ఒకటే. నిజానికి అన్ని భాషల్లోనూ మెలిపెడుతున్నది ఆ చెయ్యే. గట్టు మీద నుంచి చూసేవారికి నోళ్ళు కనిపించేవి, తోకలు కనిపించేవి కావు.

సంతాలీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. లఖన్ నాహెల్ అని పిలిచి, మెల్లగా తుక్కోజి అన్న దగ్గరికి పోయి, వచ్చీరాని తెలుగులో, నేను పట్టుకోవచ్చా అన్నాడు. ఊళ్ళో తన పొలం వదిలి నాలుగేళ్ళయిందట. తుక్కోజి అన్న మేడి అతని చేతికిచ్చాడు. అతను నాలుకతో టక్ టక్ మని ఒక చప్పుడు చేశాడు. తోక ముట్టుకోలేదు. దాపటెద్దూ వలపటెద్దూ ఒక్క అడుగు మీద నడిచాయి. ఆ ఇరవై అయిదు సాళ్ళూ తాడు పట్టి గీసినట్టు వచ్చాయి.

"వీళ్ళ మాటే అన్నిటికన్నా పాతదేమో సార్" అన్నాడు తిప్పేస్వామి చిన్నగా.

అధ్యక్షులు ఇబ్బందిగా చూశారు. పలకలు బిగించే పనికి వచ్చిన మనిషికి నాగలి అనే మాట తాతల ఆస్తిగా రాసిస్తే సదస్సులో ఏమవుతుందో ఆయనకే తెలుసు. సాళ్ళ తిన్నదనానికి పట్టికలో గడి లేదు, గీతలే లెక్క, అన్నారు.

చివరిది సంస్కృతం. అనంతశయనం గారు శాలువా తీసి గొడుగు మనిషికిచ్చి పొలంలోకి దిగారు. లాంగలం అన్నారు గంభీరంగా. ఎద్దులు కదిలాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. గట్టు మీద నిలబడి పలికితే చాలు సార్ అన్నా వినలేదు. ప్రతి సాలుకూ మడక పక్కనే నడిచారు, లాంగలం, లాంగలం అంటూ. పదో సాలుకు బూట్లకు చెరి రెండు సేర్ల మట్టి అంటింది. పదిహేనో సాలుకు బూట్లు విప్పేశారు. ఇరవయ్యో సాలు దగ్గర, గింజలు దూరం దూరంగా పడుతున్నాయి తల్లీ, కాస్త దగ్గరగా వెయ్యండి అని నాకే చెప్పారు. సరే సార్ అన్నాను. నిజమే, చెయ్యి అలసిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకు నూట యాభై సాళ్ళూ అయ్యాయి. పట్టిక చూశారు. ఆరు భాషలకూ ఇరవై అయిదేసి గీతలు. ఒక్క సున్నా లేదు. మండలి వారు కారు నీడలో కూర్చుని గంటసేపు చర్చించారు. తర్వాత అధ్యక్షులు లేచి తీర్మానం చదివారు.

"ఈ వృషభములు బహుభాషా కోవిదులని రుజువైనది. సాక్షులకు అవసరమునకు మించిన పాండిత్యము ఉన్నందున సాక్ష్యము చెల్లదు. ఏ భాషయూ రాని ఎద్దులను సేకరించి పరీక్షను తిరిగి నిర్వహింపవలెను."

తుక్కోజి అన్న ఎద్దుల వైపు కొత్తగా చూశాడు. ఈ పాండిత్యం నాకు ముందే తెలిసుంటే దాణా ఇంకొంచెం పెట్టేవాణ్ణి కదమ్మా, అని నా చెవిలో అన్నాడు.

పోతూ పోతూ అధ్యక్షులు ఇంకో మాట చెప్పారు. విచారణ స్థలాన్ని ఉన్నది ఉన్నట్టు యథాస్థితికి తేవాలట. ఎక్కడా సాలు కనబడకూడదట, నేల చదునుగా ఉండాలట. తిప్పేస్వామి దగ్గరుండి చేయించాలట. గింజ వేసినాక మట్టి కప్పడానికి పలక తోలడం ఎట్లాగా అని నేను అనుకుంటూనే ఉన్నాను. ఎద్దులకు పలక కట్టి, పొద్దు గుంకేలోగా పొలమంతా అద్దంలా తోలించాము, ప్రభుత్వ పర్యవేక్షణలో. మడకకు మళ్ళీ లక్క ముద్ర వేశారు. గోనెపట్టా చుట్టడానికి నేనే సాయం పట్టాను.

తొమ్మిదో రోజున తిప్పేస్వామి మళ్ళీ వచ్చాడు, నోటీసుతో. విచారణ స్థలంలో అనుమతి లేకుండా పచ్చదనం బయలుదేరినట్టు మండలి దృష్టికి వచ్చిందట. ఆ మొలకలు ఏ ఏ భాషల సాళ్ళలో, ఎన్నెన్ని, ఎంత ఎత్తున వచ్చాయో విడివిడిగా తెలియజేయాలి. ఎక్కువ మొలిచిన భాషే ఆ మాటకు పుట్టినిల్లని తేల్చేస్తారట.

ఇద్దరం పొలానికి పోయాం. ముప్పాతిక ఎకరా నిండా రెండేసి ఆకులు విచ్చుకుని ఉన్నాయి. తిప్పేస్వామి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాడు. తెలుగు ఎక్కడ ఆగిందో కన్నడం ఎక్కడ మొదలయిందో పట్టుకోలేకపోయాడు. వంగి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక మొలక మొదట్లో మట్టి వేలితో సర్దాడు, పొలం పని తెలిసినవాడు సర్దినట్టు.

"బాగా మొలిచాయి పెద్దమ్మా" అన్నాడు. అంతకు ముందెప్పుడూ నన్నలా పిలవలేదు.

తూర్పు గుండు పక్కన మాత్రం మంచం పట్టేంత చోటు బోసిగా ఉంది. అక్కడ ఒక్క గింజా లేవలేదు. తిప్పేస్వామి పట్టిక తీసి, ఇది ఏ భాష కింద రాయమంటారు అని అడిగాడు.

"అక్కడ మీ వాళ్ళంతా ఫోటోకు నిలబడ్డారు నాయనా" అన్నాను.

ఆయన పట్టిక వైపు చూశాడు. పట్టికలో ఆరు భాషలకు ఆరు గడులున్నాయి, ఫోటోకు లేదు. కలం జేబులో పెట్టేశాడు. నా కొంగులో మిగులు విత్తనం ఉంది, ముందు రోజు జల్లు తడి ఇంకా ఆరలేదు. నేను కూర్చుని జానకొక గింజ పెట్టుకుంటూ పోతుంటే, ఆయన చెప్పులు గట్టున విడిచి వచ్చి వెనకాలే మట్టి కప్పుకుంటూ వచ్చాడు.